పోటీలు ముగిసిన పదేళ్ళకు వాలంటీరును ఏమని అడగాలి

పెద్ద క్రీడోత్సవం ఏది జరిగినా, అది ముగిసిన మర్నాడు పత్రికల్లో పతకాల పట్టిక వస్తుంది, స్టేడియాలకు ఎంత ఖర్చయిందో లెక్క వస్తుంది, ఇకమీదట ఆ స్టేడియాలు ఎవరికి పనికొస్తాయన్న చర్చ కొన్నాళ్ళు నడుస్తుంది. ఎండలో గేటు దగ్గర నిలబడి దారి చూపినవాళ్ళు, భాష తెలియని ఊళ్ళో క్రీడాకారులను బస్సెక్కించి వేళకు మైదానం చేర్చినవాళ్ళు, ఫలితాల కాగితాలు పట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికి పరుగులు తీసినవాళ్ళు తరువాత ఏమయ్యారన్నది మాత్రం ఎవరూ ఆరా తీయరు. ఆ పది రోజుల అనుభవం పదేళ్ళు గడిచాక కూడా వాళ్ళ జీవితాల్లో ఏమైనా మిగిలి ఉందా, ఉంటే ఏ రూపంలో ఉంది, ఆ సంగతి నమ్మదగిన రీతిలో తెలుసుకోవడం ఎలా అన్నది కొంతకాలంగా నేను తలకెత్తుకున్న పని. విజయవాడలో ఉంటూ, ఇటు గుంటూరు, తెనాలి, మంగళగిరి తిరుగుతూ ఈ పని చేస్తున్నప్పుడు, విదేశీ అధ్యయనాలు చదివినంత మాత్రాన తట్టని చిక్కులు కొన్ని ఎదురయ్యాయి. ఈ టపా వాటి గురించే.

ఒలింపిక్స్‌లో వాలంటీర్లను ఒక పద్ధతి ప్రకారం ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి పనిలో పెట్టడం 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌తో స్థిరపడిందని ఈ విషయం చదివినవాళ్ళందరూ చెబుతారు. 2000లో సిడ్నీలో దాదాపు 47,000 మంది, 2012లో లండన్‌లో 70,000 మంది, 2024లో పారిస్‌లో 45,000 మంది ఈ పని చేశారు. సిడ్నీ వాళ్ళు చేసిన ఒక పని నాకు ఎంతో నచ్చుతుంది. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటిలోనూ పనిచేసిన సుమారు 74,000 మంది పేర్లను స్టేడియం సమీపంలో స్తంభాల మీద రాయించారు. అది గౌరవ సూచకంగా చేసిన పనే అయినా, నాలాంటివాళ్ళ దృష్టిలో దానికి ఇంకో విలువ ఉంది. అక్కడ ఎవరెవరు పనిచేశారన్నది ఎన్నేళ్ళ తరువాతైనా చదువుకోవచ్చు. పేర్లు పోతే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

మన వైపు చూస్తే, ఉమ్మడి రాష్ట్రంలో ఐదేళ్ళ వ్యవధిలో మూడు పెద్ద క్రీడోత్సవాలు జరిగాయి. 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు చివరి వారంలో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలు హైదరాబాదు కేంద్రంగా నడిచాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అక్కడికి చదువుకోవడానికి వెళ్ళిన పిల్లల్లో కొందరు వాటిలో వాలంటీర్లుగా పనిచేశారు. విజయవాడలోనే 2002 నవంబరు 24న ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ జట్ల ఏడో వన్డే జరిగింది. సిరీస్‌ను 4-3తో తేల్చిన ఆ మ్యాచ్‌ను ఈ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2018 నవంబరులో పున్నమి ఘాట్ దగ్గర కృష్ణానదిలో ఎఫ్1హెచ్2ఓ పవర్ బోట్ పందాలు మూడు రోజులు జరిగాయి. 2002లో ఇరవై ఏళ్ళున్న వాలంటీరుకు ఇప్పుడు నలభై దాటాయి. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, సంపాదన అన్నీ ఒక దారిన పడ్డాక వెనక్కు తిరిగి చూసుకోగల వయసది. దీర్ఘకాలిక ప్రభావం తెలుసుకోవాలంటే అడగవలసింది వీళ్ళనే.

కానీ జరిగిన అధ్యయనాల్లో చాలా భాగం చివరి రోజునో, ఆ నెలలోనో అడిగిన ప్రశ్నల మీద ఆధారపడ్డవి. యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉండగా, చేతిలో సర్టిఫికెట్ పెట్టి, కొత్తగా కలిసిన స్నేహితులు చుట్టూ ఉన్నప్పుడు, 'మళ్ళీ ఇలాంటి సేవ చేస్తారా' అని అడిగితే కాదనేవాళ్ళు ఎవరుంటారు? ఆ జవాబు అబద్ధం కాదు. ఆ నిమిషానికి అది నిజమే. అయితే అది ఒక సంకల్పం మాత్రమే, ఆచరణ కాదు. సంకల్పానికీ ఆచరణకూ నడుమ ఏళ్ళు గడవాలి, ఆ ఏళ్ళలో మనం మళ్ళీ వెళ్ళి అడగాలి. ఇంగ్లండులో ప్రభుత్వ సర్వేల ప్రకారం నెలకు ఒకసారైనా ఏదో ఒక సంస్థ ద్వారా స్వచ్ఛంద సేవ చేసేవారు 2010-11లో 25 శాతం ఉండగా, ఒలింపిక్స్ జరిగిన 2012-13లో 29 శాతానికి పెరిగారు, ఆ మరుసటి ఏడాది 27 శాతానికి తగ్గారు. 2013లో పరిశోధన ముగించినవాళ్ళు ఒలింపిక్స్ దేశాన్నే మార్చిందని రాసుకోవచ్చు, ఇంకో ఏడాది ఓపిక పట్టినవాళ్ళు అంత గట్టిగా రాయలేరు. పైగా ఆ పెరుగుదలలో ఒలింపిక్స్ వాటా ఎంత అన్నది ఆ అంకెలను బట్టి తేలేది కాదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వాలంటీరుగా వచ్చేవాళ్ళు మామూలుగానే పదిమందికి సాయపడే స్వభావం గలవాళ్ళు. పదేళ్ళ తరువాత కూడా వాళ్ళు సేవ చేస్తూ కనబడితే, అది క్రీడోత్సవం నేర్పిందా, ముందే ఉన్నదా? దీన్ని తేల్చాలంటే అచ్చంగా అలాంటివాళ్ళే అయి ఉండి, ఆ క్రీడోత్సవంలో పాల్గొనని మరో గుంపు కావాలి. లండన్‌లో ఆ అవకాశం దానంతట అదే ఏర్పడింది. 70,000 స్థానాలకు దాదాపు 2,40,000 మంది దరఖాస్తు చేసుకున్నారు. అంటే చేయాలన్న కోరిక ఉండి కూడా అవకాశం దొరకనివాళ్ళు సుమారు 1,70,000 మంది. ఎంపికైనవాళ్ళనూ వీళ్ళనూ పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి గమనిస్తే స్వభావం వాటా ఎంత, అనుభవం వాటా ఎంత అన్నది చాలావరకు విడదీయవచ్చు. ఎంపికలో మాటకారితనం, తీరిక, భాషా పరిజ్ఞానం చూసి ఉంటారు కాబట్టి ఆ రెండు గుంపులూ పూర్తిగా సమానం కావు గానీ, చేతిలో ఏ పోలికా లేకపోవడం కంటే ఇది ఎంతో మేలు. అందుకే ఏ క్రీడోత్సవం గురించి పని మొదలుపెట్టినా, ఎంపికైనవాళ్ళ జాబితా కంటే ముందు, తిరస్కరించిన దరఖాస్తులు ఎక్కడున్నాయని అడగడం నాకు అలవాటైంది. అవి సాధారణంగా ఎక్కడా ఉండవు.

తిరస్కరించినవాళ్ళ సంగతి అటుంచి, పనిచేసినవాళ్ళ జాబితా దొరకడమే మన దగ్గర పెద్ద ప్రయాస. పెళ్ళి అయిపోగానే పందిరి విప్పేసినట్టు, పోటీలు ముగియగానే నిర్వాహక సంఘం చెదిరిపోతుంది. కాగితాలు ఎవరి ఇంటి అటక మీదకో చేరతాయి, లేకపోతే పాత పేపర్లవాడి తూకానికి పోతాయి. గుంటూరులో పదవీ విరమణ చేసిన ఒక ఫిజికల్ డైరెక్టరు గారి దగ్గర మాత్రం 2002 జాతీయ క్రీడలకు ఆయన తన కాలేజీ నుంచి పంపిన విద్యార్థుల పేర్లున్న పొడుగాటి రూళ్ళ పుస్తకం దొరికింది. ఎర్ర సిరాతో చేత్తో గీసిన గళ్ళలో వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, గ్రూపు, చొక్కా సైజు, సంతకం ఉన్నాయి. చొక్కాల పంపిణీ కోసం రాసుకున్నది కాబట్టి ఆ గడి మాత్రం ఒక్కటీ ఖాళీ లేకుండా నిండి ఉంది. ఫోన్ నంబరు గడి అసలే లేదు. ఆ రోజుల్లో డిగ్రీ పిల్లల దగ్గర ఫోన్లు ఎక్కడివి? 'పిల్లలు చేసిన సంతకాలమ్మా, పారేయడానికి మనసొప్పలేదు' అన్నారాయన. తెలుగునాట ఈ విషయం మీద నాకు దొరికిన అత్యంత విలువైన పత్రం అదే.

ఆ పేర్లు పట్టుకుని మనుషులను వెతకడం మొదలుపెడితే మగపిల్లలు త్వరగానే దొరికారు. పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ళుంటారు, లేదా ఊళ్ళో తండ్రి పేరు చెబితే ఇల్లు చూపించేవాళ్ళుంటారు. ఆడపిల్లల విషయంలో అలా కుదరలేదు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరికి దేశమే మారింది. పుట్టింటివాళ్ళకు ఫోన్ చేసి, ఎప్పుడో కాలేజీ రోజుల్లో ఆటల పోటీలకు వెళ్ళింది కదా, దాని గురించి మాట్లాడాలి అంటే, అటు నుంచి ముందు వచ్చే ప్రశ్న 'ఎవరండీ మీరు, ఆ అమ్మాయితో మీకేం పని' అని. అలా అడగడం సహజం. కానీ దీని పర్యవసానం తేలిక కాదు. దొరికినవాళ్ళనే అడిగి, వచ్చిన జవాబులనే ఫలితంగా రాస్తే, ఊళ్ళో స్థిరపడిన మగవాళ్ళ అనుభవమే వాలంటీర్లందరి అనుభవంగా చలామణీ అవుతుంది. నా అనుమానం ఏమిటంటే, ఈ అనుభవం ఎక్కువ లోతుగా తాకింది ఆడపిల్లలనే. ఇంటి నుంచి ఒంటరిగా వేరే ఊరు వెళ్ళి, పది రోజులు ఉండి, తెలియని మగవాళ్ళకు దారి చూపి, ఆపి, వద్దని చెప్పే అధికారం మెడలో కార్డు రూపంలో వేసుకోవడం, 2002లో మన జిల్లాల్లో ఎంతమంది అమ్మాయిలకు మరో రకంగా దక్కి ఉంటుంది? అనుమానం రుజువు కాదు కాబట్టి, వాళ్ళను వెతకడానికి మిగతా అందరి మీద కంటే ఎక్కువ సమయం పెట్టడం తప్ప వేరే మార్గం లేదు.

అలా దొరికినవారిలో ఒకామె 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలప్పుడు గచ్చిబౌలి స్టేడియంలో ఒక గేటు దగ్గర పనిచేశారు. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం. ఆ పది రోజుల్లో ఆమెకు బాగా గుర్తున్నది ప్రారంభోత్సవమూ కాదు, క్రీడాకారులూ కాదు. పాసు లేకుండా కారు దిగివచ్చిన ఒక పెద్దమనిషిని గొంతు పెంచకుండా, పక్కకు తప్పుకోకుండా పావుగంట ఆపడం. 'ఆయన తిడుతున్నంతసేపూ కాళ్ళు వణికాయి మేడమ్, కానీ కదల్లేదు. ఈ రోజుకీ కౌంటర్ దగ్గర ఎవరైనా గొడవ పడితే నాకు ఆ గేటే గుర్తొస్తుంది' అన్నారు. ఆ తరువాత ఏ క్రీడా కార్యక్రమంలోనూ ఆమె పాల్గొనలేదు, ఎవరూ పిలవలేదు. 2016లో కృష్ణా పుష్కరాలకు మాత్రం సెలవు పెట్టి, తనంత తానుగా వెళ్ళి ఘాట్ దగ్గర వృద్ధులకు చెయ్యి అందించే పనిలో చేరారు. అది గచ్చిబౌలి ఫలితమేనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, 'మా అమ్మ ఎప్పుడూ ఎవరికో ఒకరికి చేస్తూనే ఉండేది. నేను ఎలాగైనా వెళ్ళేదాన్నేమో' అన్నారు.

ఈ ఒక్క సంభాషణలో రెండు భిన్నమైన ప్రభావాలున్నాయి. సేవ చేసే గుణం ఆమెకు ఇంట్లోనే అబ్బింది, దాన్ని క్రీడల ఖాతాలో వేయడం అన్యాయం. అధికారం చూపించేవాడి ముందు నిలబడగల ధైర్యం మాత్రం ఆ గేటు దగ్గర వచ్చింది, ఆమే ఆ మాట చెబుతోంది. మన ప్రశ్నావళిలో 'తరువాత ఎన్నిసార్లు స్వచ్ఛంద సేవ చేశారు' అన్న ప్రశ్న ఒక్కటే ఉంటే, మొదటిది కనబడి రెండోది జారిపోతుంది. నిజానికి అంతర్జాతీయ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. క్రీడోత్సవం ఎంతమంది కొత్త సేవకులను తయారుచేసిందన్నది నిర్వాహకులకు కావలసిన అంకె. ఆ మనిషిలో ఏది నిలిచిందన్నది ఆ మనిషికి కావలసిన సంగతి, నా ఆసక్తి కూడా దాని మీదనే.

ప్రేరణను కొలిచే ప్రశ్నల విషయంలోనూ ఇలాంటి తేడా ఉంది. 1996లో కెనడాలో జరిగిన మహిళల కర్లింగ్ (మంచు మీద బరువైన రాళ్ళను జార్చే ఆట) పోటీల వాలంటీర్లను అధ్యయనం చేసి ఫారెల్, జాన్‌స్టన్, ట్వైనమ్ అనే ముగ్గురు పరిశోధకులు 1998లో ప్రచురించిన కొలమానాన్ని ఈనాటికీ ఎందరో వాడుతున్నారు. ఆ పోటీని విజయవంతం చేయడంలో సాయపడాలన్న కోరికే అక్కడ అన్నిటికంటే బలంగా కనబడింది. తమంత తాము ముందుకు వచ్చినవాళ్ళకు అది సరిపోతుంది. మన దగ్గర డిగ్రీ కాలేజీల నుంచి వెళ్ళినవాళ్ళను ఎందుకు వెళ్ళారని అడిగితే తరచుగా వచ్చే జవాబు 'పీడీ సార్ పేరు రాసేశారండీ' అని, లేదా 'ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) గంటలు నిండుతాయని చెప్పారు' అని. దీన్ని బలవంతం అని తీసిపారేయలేం. ఆ మాటలో గురువు మీది గౌరవం ఉంది, తన పేరు ఆయనకు గుర్తుందన్న సంతోషం ఉంది, ఇంట్లో అనుమతి దొరకడానికి అదొక్కటే దారి అన్న వాస్తవం కూడా ఉంది. 'మా సార్ పంపిస్తున్నారు' అంటే ఒప్పుకునే తండ్రి, 'నాకు వెళ్ళాలని ఉంది' అంటే ఒప్పుకోకపోవచ్చు. కెనడా కొలమానాన్ని తెలుగులోకి మార్చి పంచిపెడితే ఈ జవాబుకు గడి దొరకదు. కాబట్టి ముందు మాట్లాడనిచ్చి, వాళ్ళు చెప్పిన కారణాల నుంచే గడులు కట్టుకోవలసి వచ్చింది.

మధ్యలో మానేసినవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు తీసుకున్న దాదాపు 22,000 మంది వాలంటీర్లలో సుమారు 10,000 మంది పోటీలు మొదలయ్యేనాటికే తప్పుకున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అంతమంది అనుభవాన్ని పక్కన పెట్టి, చివరిదాకా ఉన్నవాళ్ళను మాత్రమే అడిగితే వచ్చేది సగం కథే. ఈ ప్రాంతంలో జరిగిన ఒక జాతీయ స్థాయి టోర్నమెంటులో తొలి రోజు వచ్చి రెండో రోజుకు మానేసిన అమ్మాయిలతో మాట్లాడితే, కారణం చాలా మామూలుది. ఆటలు రాత్రి తొమ్మిది దాకా సాగుతాయి, తమ ఊరికి చివరి బస్సు అంతకంటే ముందే వెళ్ళిపోతుంది. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్ళలో ఒకరికి సేవ మీద విరక్తి కలగలేదు గానీ, 'మనలాంటివాళ్ళ కోసం కాదులే ఇవి' అన్న భావం మాత్రం నాటుకుపోయింది. దీర్ఘకాలిక ప్రభావం ఎప్పుడూ మంచిదే అయి ఉండాలన్న నియమం లేదు. ఇదీ దీర్ఘకాలిక ప్రభావమే, దీన్నీ రాయాలి.

ఇన్ని చిక్కుల మధ్య నాకు ఒక విషయంలో మాత్రం సందేహం లేదు. క్రీడోత్సవం దానంతట అది ఎవరినీ ఎక్కువకాలం నిలబెట్టదు, తరువాత ఎవరో ఒకరు జాబితా దగ్గర పెట్టుకుని, మళ్ళీ పిలిస్తేనే అది నిలుస్తుంది. దీనికి నేను చూపించగల మంచి ఉదాహరణ మాంచెస్టర్. 2002 కామన్వెల్త్ క్రీడలకు అక్కడ సుమారు 10,000 మంది వాలంటీర్లు పనిచేశారు. క్రీడలకు ముందే, వెనుకబడిన ప్రాంతాల్లో ఉద్యోగం లేనివాళ్ళకు, చదువు సరిగా సాగనివాళ్ళకు శిక్షణ ఇచ్చి ఈ పనికి సిద్ధం చేసే కార్యక్రమం ఒకటి నడిపారు. క్రీడలు ముగిశాక వాలంటీర్ల వివరాలను పారేయకుండా, నగరంలో జరిగే ఇతర కార్యక్రమాలకు వాళ్ళనే పిలిచే ఏర్పాటు చేశారు. అదే తరువాత మాంచెస్టర్ ఈవెంట్ వాలంటీర్స్ అనే పేరుతో ఏళ్ళ తరబడి నడిచింది. జెఫ్ నికొల్స్, రీటా రాల్‌స్టన్ అనే పరిశోధకులు చాలా ఏళ్ళ తరువాత వాళ్ళతో మాట్లాడి 2011లో రాసినదాన్ని బట్టి, దాని ప్రయోజనం ఉద్యోగం రావడంతో ఆగలేదు. రోజుకు ఒక క్రమం ఏర్పడటం, నలుగురితో కలిసే సందర్భం దొరకడం, తనమీద తనకు నమ్మకం కుదరడం, ఉద్యోగం అవసరం లేని విశ్రాంత జీవులకు కూడా అందిన ఫలాలు. పది రోజుల కార్యక్రమం అన్నేళ్ళ పాటు ఫలితమిచ్చిందంటే, అందులో ఆటల పాత్ర కంటే ఆ ఫోన్ నంబర్ల పుస్తకాన్ని చూసుకున్న చిన్న కార్యాలయం పాత్ర ఎక్కువ.

అలాంటి కార్యాలయాన్ని మనం కొత్తగా పుట్టించనక్కరలేదు. 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్ ఉంది, రెండేళ్ళలో 240 గంటల సేవ అన్న నియమం ఉంది, ప్రతి యూనిట్‌కూ ప్రోగ్రామ్ ఆఫీసరు ఉన్నారు. లోపం ఏమిటంటే, గంటలు నిండి సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆ విద్యార్థితో సంస్థకు బంధం తెగిపోతుంది. ఏ కాలేజీ అయినా తన పాత వాలంటీర్ల ఫోన్ నంబర్లను ఏడాదికొకసారి సరిచూసుకుని, ఊళ్ళో ఏదైనా పోటీ జరిగినప్పుడు ఒక సందేశం పంపితే చాలు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. అమ్మాయిల విషయంలో పుట్టింటి చిరునామాతో పాటు, మారని ఒక స్నేహితురాలి నంబరు కూడా రాసి ఉంచుకోవాలని నేను ప్రతి ప్రోగ్రామ్ ఆఫీసరునూ అడుగుతున్నాను.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగాలని 2025 నవంబరులో గ్లాస్గోలో నిర్ణయమైంది. మన పిల్లలు కూడా వాటికి వాలంటీర్లుగా దరఖాస్తు చేస్తారు. పరిశోధనకు ఇది ముందుగానే తెలిసిన అవకాశం. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో వచ్చే ఏళ్ళలో చేరబోయే విద్యార్థులతో, వాళ్ళకు ఆ క్రీడల ఊసు కూడా లేనప్పుడే, మొదటి విడత మాట్లాడాలని ఏర్పాటు చేసుకుంటున్నాను. తెలియని మనిషికి అడ్డు చెప్పగలరా, ఊరు దాటి ఒంటరిగా వెళ్ళారా, చివరిసారి ఎవరికి ఏ సాయం చేశారు అన్నవి అందులో ప్రశ్నలు. వాళ్ళలో కొందరు ఎంపికవుతారు, కొందరు కారు, చాలామంది దరఖాస్తే పెట్టరు. మూడు గుంపులనూ 2031లో ఒకసారి, 2035లో ఒకసారి, చేతనైతే 2040లో మరోసారి కలవాలి. అప్పటికి నేను ఈ పనిలో ఉన్నా లేకపోయినా పుస్తకం మరొకరి చేతికి అందేలా, పేర్ల ప్రతి ఒకటి నా దగ్గర, ఒకటి ఆ కాలేజీ లైబ్రరీలో ఉండాలని కాలేజీల వారితో మాట్లాడుతున్నాను. మీరు ఈ రెండు జిల్లాల్లో ఏ పెద్ద పోటీలోనైనా వాలంటీరుగా పనిచేసి ఉంటే, ముఖ్యంగా మధ్యలో మానేసి ఉంటే, లేదా పేరిచ్చినా పిలుపు రాకపోయి ఉంటే, మీతో మాట్లాడాలని ఉంది.